మీడియా పాఠం చెప్పే పంతులుకి ఎవరు నేర్పాలి?

1982 జనవరిలో పశ్చిమ జర్మనీలోని గ్రున్‌వాల్డ్‌లో యునెస్కో సదస్సుకి 19 దేశాల ప్రతినిధులు కూడారు. పత్రికలు, రేడియో, టీవీల గురించి బడిలో చెప్పాలనీ, అందుకు టీచర్లకు శిక్షణ ఇవ్వాలనీ ప్రకటించారు. మన దగ్గర 2007లో ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకంలోకి మీడియా పాఠం వచ్చింది. పాఠమైతే వచ్చింది, మరి చెప్పే పంతులు తయారయ్యాడా?

ఆ శిక్షణ మన చరిత్రతోనే మొదలవ్వాలంటున్నాం. 1920లో అంబేద్కర్ 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా 'కేసరి' దాని ప్రకటన వెయ్యలేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల్లో వెతికితే ఒక్క దళితుడూ దొరకలేదు. ఈ రెంటి మధ్య 76 ఏళ్లు. శిక్షణలో ఈ సంగతి చెప్పకపోతే, పత్రిక అందరిదీ అనే అబద్ధాన్నే టీచరు పిల్లలకు అప్పజెప్తాడు.

కారంచేడు (1985), చుండూరు (1991) నాటి పత్రికలు రెండు మూడు ముందేసుకుని టీచర్లు కూర్చోవాలి. వార్త ఎవరు రాశారు? ఎవర్నడిగి రాశారు? ఎవర్ని అడగలేదు? 'దాడి' అన్నారా, 'ఘర్షణ' అన్నారా? దాడి అంటే కొట్టినవాడు కనపడతాడు, ఘర్షణ అంటే దెబ్బలు తిన్నవాడూ దోషే అయిపోతాడు.

మన పిల్లలు పేపర్లో తమ వాడను వెతుక్కుంటారు. అదెందుకు లేదో చెప్పలేని పంతులుకి ఎన్ని సర్టిఫికెట్లుంటే ఏం లాభం?