అక్షరం చుట్టూ వెలుగు గుడి

తెర మీద వెలిగే అక్షరం నిజానికి రెండు బొమ్మలు. ఒకటి అక్షరం, రెండోది అదే అక్షరానికి మసకబారిన నకలు. నకలును కింద ఉంచి, స్పష్టమైన అక్షరాన్ని దాని మీద పెడితే, చీకటి నేపథ్యంలో అంచుల నుంచి కాంతి జాలువారుతున్నట్టు కనిపిస్తుంది. డిజైనర్లు దీన్ని గ్లో అంటారు. చందమామ చుట్టూ వలయం కనబడితే గుడి కట్టిందనే తెలుగువాళ్లకు, అక్షరం గుడి కట్టిందంటే ఇట్టే బోధపడుతుంది. ఇప్పుడు ఫోన్‌లోని ఉచిత యాప్ కూడా క్షణంలో చేసిపెట్టే ఈ పనికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. విచిత్రమేమిటంటే, ఈ గుడిని మొదట ఎవరూ అందమనుకోలేదు. అది లోపం. దాన్ని వదిలించుకోవడానికి ఫిలిం తయారీదారులు దశాబ్దాల పాటు తంటాలు పడ్డారు. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలు అదే లోపాన్ని మెనూలో చేర్చి అమ్మాయి.

దీపం చుట్టూ కనిపించే వెలుగులో చాలా భాగం గాలిలో కాదు, చూసే కంట్లోనే ఉంటుంది. కంటిలోని పొరలు, లెన్స్ పూర్తి స్వచ్ఛంగా ఉండవు. లోపలికి వచ్చిన కాంతి కొంత చెదిరి, రెటీనా మీద దీపం ప్రతిబింబం చుట్టూ పలచగా పరుచుకుంటుంది. శుక్లాలు వచ్చినవారికి ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ల చుట్టూ పెద్ద గుడి కనబడేది ఇందుకే. పుట్టిన నాటి నుంచి ఇలాగే చూస్తున్నందువల్ల కావచ్చు, చుట్టూ గుడి ఉంటే మధ్యలో ఉన్నది దీపమేనని మెదడు లెక్కవేస్తుంది. ఓస్లో విశ్వవిద్యాలయంలోని బ్రూనో లెంగ్, టోర్ ఎండెస్టాడ్ 2012లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమ ఎంత లోతైనదో చూపింది. క్రమంగా మసకబారే అంచుల మధ్య ఉన్న తెల్లటి మచ్చను చూసినప్పుడు, నిజంగా అదనపు వెలుతురేమీ లేకపోయినా, కంటిపాపలు చిన్నవయ్యాయి. వెలుగును సున్నా నుంచి 255 దాకా మెట్లుగా కొలిచే మామూలు తెరకు 255ను మించిన తెలుపు లేదు, కాగితానికి కాగితమే హద్దు. ఆ హద్దు దాటినట్టు కంటిని నమ్మించేది ఈ మసక అంచే.

నిజంగా వెలిగే అక్షరాలు నియాన్‌తో వచ్చాయి. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవీకరించిన గాలి నుంచి ఈ వాయువును వేరుచేశారు. గాజు గొట్టంలో నింపి విద్యుత్తు పంపితే అది ఎర్రగా వెలిగింది. గాలిలో నియాన్ వంతు దాదాపు 55 వేలలో ఒకటే కాబట్టి చాలాకాలం అది ప్రయోగశాల వింతగానే మిగిలింది. గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీసే వ్యాపారంలో ఉన్న ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ క్లోద్‌కు మాత్రం అది పనిలో పనిగా చేతికి వచ్చేది. 1910 డిసెంబరులో పారిస్ మోటార్ ప్రదర్శనలో ఆయన పొడవాటి నియాన్ గొట్టాలు వెలిగించాడు. 1912లో పారిస్‌లోని ఒక క్షౌరశాలకు తొలి నియాన్ బోర్డు అమ్ముడైంది. ఎలక్ట్రోడ్లు త్వరగా అరిగిపోకుండా ఆయన చేసిన ఏర్పాటుకు 1915లో అమెరికా పేటెంటు దక్కింది.  

నియాన్ అసలు రంగు నారింజ కలిసిన ఎరుపు ఒక్కటే. నీలానికి ఆర్గాన్‌లో కాస్త పాదరసం కలుపుతారు, మిగతా రంగులకు గొట్టం లోపల ఫాస్ఫర్ పూత పూస్తారు. గాజు గొట్టాన్ని మంట మీద వేడిచేసి వంచుతూ అక్షరాలు తీర్చాలి. ఒకే గొట్టంతో రెండు అక్షరాలు రాస్తే వాటి మధ్య ముక్కకు నల్లరంగు పూసి వెలుగును కప్పెయ్యాలి. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అంటూ ముక్కలు ముక్కలుగా విడిపోయే తెలుగు లిపికి ఇలా కప్పాల్సిన చోట్లు మరీ ఎక్కువ.

ఇక ఫిలిం సంగతి. చీకట్లో వెలుగుతున్న బోర్డును ఫొటో తీస్తే, కాంతి ఫిలిం మీది రసాయన పూతను దాటి వెనకవైపు దాకా పోతుంది. అక్కడ తగిలి తిరిగొచ్చి, పూత మీద పక్క భాగాన్ని కూడా తాకుతుంది. ఫలితం దీపం చుట్టూ మసక వలయం. ఇంగ్లీషులో దీనికి హేలేషన్ అని పేరు. దీన్ని ఆపడానికి ఫిలిం వెనక కాంతిని మింగేసే పొర వేశారు. కొడాక్ సినిమా ఫిలింలో చాలాకాలం పాటు అది నల్లటి కార్బన్ పొర, కడిగేటప్పుడు తీసేసేవారు. ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. ఆ నల్ల పొరను ముందే తీసేసిన సినీస్టిల్ 800టీ అనే ఫిలింను కోరి కొనేవాళ్లున్నారు. రాత్రి బజారు ఫొటోల్లో దీపాల చుట్టూ ఎర్రటి గుడి కట్టడమే దాని ఆకర్షణ. ఎరుపుకు స్పందించే పొర అన్నిటికంటే అడుగున, వెనక నుంచి తిరిగొచ్చిన కాంతికి మొదట ఎదురయ్యేలా ఉంటుంది కాబట్టి ఆ గుడికి ఎరుపు రంగు.

సినిమావాళ్లు ఈ లోపాన్ని కావాలని తెచ్చుకోవడం ముందే నేర్చుకున్నారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో కాంతి ఖడ్గాల కోసం ప్రతి ఫ్రేములో కత్తి ఆకారాన్ని చేత్తో గీసి, మసక అంచుతో వెలుగు కలిపారు. మధ్యలో తెలుపు, చుట్టూ రంగు. స్టీవెన్ లిస్‌బర్గర్ దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘ట్రాన్’ ఈ పద్ధతిని పిచ్చిగా అనదగ్గ స్థాయికి తీసుకుపోయింది. కంప్యూటర్ లోపలి ప్రపంచంలో నటుల దుస్తుల మీది గీతలు వెలగాలి. అందుకోసం వాళ్లను నలుపు తెలుపుల్లో 65 మిల్లీమీటర్ల ఫిలిం మీద తీశారు. ప్రతి ఫ్రేమునూ పెద్ద పారదర్శక షీటు మీదికి మార్చి, వెలగాల్సిన గీతలు తప్ప మిగతా అంతా నల్లగా కప్పి, కింద దీపం పెట్టి, రంగు ఫిల్టర్లతో మళ్లీ మళ్లీ చిత్రించారు. ఈ షీట్ల పనిలో చాలా భాగం తైవాన్‌లో జరిగింది. కంప్యూటర్ సినిమాగా పేరుపడ్డ ‘ట్రాన్’లో పూర్తిగా కంప్యూటర్ గీసిన దృశ్యాలు ఇరవై నిమిషాలకు మించవు. ఆ వెలుగంతా చేతిపని.

నల్ల షీటులో కోసిన కిటికీకి కంప్యూటర్‌లో సమానమైనది ఆల్ఫా చానల్. బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు ఎంత భాగం కనబడాలో చెప్పే నాలుగో అంకె ఉండాలన్న ఆలోచన 1970ల చివర్లో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్‌లది. ఆ నాలుగో అంకెతో బొమ్మల్ని ఎలా కలపాలో థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో సూత్రాలు రాశారు. మసకబార్చే గణితం అంతకంటే చాలా పాతది, గౌస్ పేరుతో ఉన్న గంట ఆకారపు వక్రరేఖ. ప్రతి చుక్క తన వెలుగును ఇరుగుపొరుగులకు పంచుతుంది. దగ్గరివారికి ఎక్కువ, దూరంవారికి తక్కువ. ఆ వాటాలు నిర్ణయించేది ఈ వక్రరేఖే. దీన్ని ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా విడివిడిగా చేసినా అదే ఫలితం వస్తుంది. 1990ల నాటి మందకొడి కంప్యూటర్లకు ఇది ఎంత ఊరటో లెక్క చూస్తే తెలుస్తుంది: 41 చుక్కల వెడల్పు మసకకు ఒక్కో చుక్క దగ్గర 1,681 గుణకారాలకు బదులు 82 చాలు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి థామస్ నోల్ 1987లో తన మాకింటోష్ మీద బూడిదరంగు ఛాయలు చూసుకోవడానికి ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. తమ్ముడు జాన్ నోల్ ‘స్టార్ వార్స్’ కోసం పుట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేసేవాడు. ఇద్దరూ కలిసి పెంచిన ఆ ప్రోగ్రామే 1990 ఫిబ్రవరి 19న అడోబీ విడుదల చేసిన ఫొటోషాప్. అందులో గ్లో అనే మీట లేదు. కావాలంటే కొత్త చానల్ తెరిచి, అందులో తెల్లగా అక్షరాలు రాసి, నకలు తీసి, గౌసియన్ బ్లర్‌తో మసకబార్చి, దాన్ని సెలెక్షన్‌గా మార్చి రంగు నింపాలి. తర్వాత మొదటి చానల్ నుంచి అసలు అక్షరాన్ని మళ్లీ తెచ్చి పైన పెట్టాలి. లేయర్లు 1994లో మూడో వెర్షన్ దాకా లేవు. పైగా రాసిన అక్షరం వెంటనే చుక్కలుగా మారిపోయేది కాబట్టి అక్షరదోషం దొర్లితే మొదటికే మోసం. ఈ కిటుకులు తెలిసినవాళ్లు ఓపికలేనివాళ్ల కోసం ప్లగిన్లు రాసి అమ్మారు. ఏలియన్ స్కిన్ అనే చిన్న కంపెనీ పెరిగింది నీడలు, గ్లోలు అమ్మే.

1998లో వచ్చిన ఫొటోషాప్ 5.0 ఆ అంగళ్లకు గండికొట్టింది. దిద్దుకోవడానికి వీలైన అక్షరాలు, వాటికి అంటుకుని ఉండే లేయర్ ఎఫెక్ట్స్ ఒకేసారి వచ్చాయి. అవుటర్ గ్లో, ఇన్నర్ గ్లో, రెండు రకాల నీడలు, ఉబ్బెత్తు అంచు. అక్షరం మారిస్తే గుడి తనంతట తానే మారేది. 2000లో ఆరో వెర్షన్ వీటిని లేయర్ స్టైల్ అనే ఒకే కిటికీలోకి తెచ్చింది. అవుటర్ గ్లోకు కంపెనీ ముందే పెట్టి ఇచ్చిన రంగు లేత పసుపు, కలిపే పద్ధతి స్క్రీన్. ఆ పసుపును మార్చకుండా వదిలేసిన పోస్టర్లు ప్రపంచమంతటా లెక్కలేనన్ని. సాధనం ఇచ్చిన వెలుగు ఏది, డిజైనర్ ఎంచుకున్న వెలుగు ఏది అన్నది ఆ ఒక్క రంగు చూసే చెప్పేయవచ్చు.

స్క్రీన్ అన్న పేరుకు అర్థం ఉంది. రెండు ప్రొజెక్టర్లు ఒకే తెర మీద స్లైడ్లు వేస్తే వెలుగు పెరుగుతుందే కానీ తగ్గదు. లెక్క కూడా సులువు. రెండు బొమ్మల్లోని చీకటి భాగాలను గుణించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసెయ్యాలి. సగం వెలుగుకు సగం వెలుగు కలిపితే 0.75 అవుతుంది. నేపథ్యం పూర్తిగా తెలుపైతే చీకటి సున్నా, గుణిస్తే సున్నాయే, అంటే ఏ మార్పూ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెల్ల కాగితం మీద గ్లో పెట్టి, ఎన్ని మీటలు తిప్పినా ఏమీ కనబడక తికమకపడేది ఇక్కడే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. పట్టపగలు దీపానికి గుడి ఉండదు.

బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ 1996లో జనంలోకి వచ్చింది. దానిది వేరే దారి. మీటలకు బదులు వంటల పుస్తకంలా రాసిన స్క్రిప్టులు. ఏలియన్ గ్లో, నియాన్, గ్లోయింగ్ హాట్ అని పేర్లు. మాట టైపు చేస్తే నల్లటి నేపథ్యంతో సహా బొమ్మ సిద్ధమయ్యేది. ఆ కాలపు వెబ్‌సైట్ల శీర్షికల్లో పచ్చటి పొగలాంటి అక్షరాలు పుట్టిన చోట్లలో ఇదొకటి. వేసిన ఫిల్టర్‌ను తర్వాత కూడా దిద్దుకునే వీలు మాత్రం గింప్‌లో 2025 నాటి 3.0 దాకా రాలేదు.

మీట నొక్కితే వచ్చే గ్లోకూ నమ్మించే గ్లోకూ తేడా పొరల్లో ఉంది. నిజమైన కాంతి మూలం దగ్గర గాఢంగా ఉండి, చివర్లో చాలా దూరం దాకా పలచగా సాగుతుంది. ఒక్క గౌసియన్ మసక అలా సాగదు, త్వరగా ఆగిపోయి దూదిపింజలా కనబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు మూడు నాలుగు నకళ్లు వాడతారు. నాలుగు చుక్కల మసక ఒకటి, పదిహేనుది ఒకటి, అరవైది ఒకటి, ఒక్కోటి అంతకుముందు దానికంటే పలచగా. అక్షరాన్ని మాత్రం రంగులో కాకుండా దాదాపు తెల్లగా ఉంచి, రంగంతా గుడికే వదిలేస్తారు. కెమెరా నియాన్ గొట్టాన్ని చూసినప్పుడు జరిగేది ఇదే. గొట్టం మధ్య తట్టుకోలేనంత కాంతి వల్ల తెల్లబారిపోతుంది, అసలు రంగు అంచుల్లోనే మిగులుతుంది. వెడల్పాటి గుడిలో ఇంకో చిక్కు, 256 మెట్లు చాలక మెట్టు మెట్టుగా వలయాలు తేలడం. అవుటర్ గ్లో కిటికీలో నాయిస్ అనే మీట ఇలాంటప్పుడు పనికొస్తుంది. కొద్దిగా ఇసుక చల్లినట్టు చుక్కలు చెదిరితే మెట్లు కంటికి ఆనవు.

మసకబార్చే ఇదే లెక్క 2003లో వచ్చిన ‘ట్రాన్ 2.0’ వీడియో గేమ్‌లో సెకనుకు పదుల సార్లు జరిగింది. వెలిగే భాగాలను వేరుగా గీసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మసకబార్చి, కలిపెయ్యడం. తండ్రి సినిమాలో ఒక్కో షీటునూ చేత్తో వెలిగించిన పనిని, బిడ్డ ఆటలో గ్రాఫిక్స్ కార్డు ఆడుతూ పాడుతూ చేసింది.

తెలుగు డీటీపీ కేంద్రాల్లో ఈ ఎఫెక్టుకు కొన్ని సొంత కష్టాలున్నాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే వత్తులు చెల్లాచెదురయ్యే రోజుల్లో అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరే దిక్కు. దాని ఫాంట్లలో అక్షరం ఒక్క ముక్క కాదు, తలకట్టు, గుణింతపు గుర్తు, వత్తు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కోరల్ డ్రాలో అవుట్‌లైన్ పెడితే ముక్కలు కలిసే చోట గీతలు బయటపడతాయి కాబట్టి ముందు వాటిని వెల్డ్ చేసి, అంటే ఒకే ఆకారంగా అతికించి పెట్టాలి. ఫొటోషాప్ గ్లోకు ఆ బెడద లేదు, అది లేయర్ మొత్తాన్ని ఒకే ఆకారంగా చూస్తుంది. అసలు చిక్కు గుండ్రదనంతో వస్తుంది. తెలుగు అక్షరాల కడుపులు చిన్నవి, వాటిలో తేడాలు ఇంకా చిన్నవి. ‘ర’కూ ‘ఠ’కూ మధ్య ఉన్నది ఒక్క చుక్క. ‘ద’కూ ‘ధ’కూ మధ్య ఉన్నది కింద చిన్న గీత. గుడి పెద్దదైతే నాలుగు వైపుల నుంచీ వెలుగు ఆ కడుపులోకి చేరి చుక్కను మింగేస్తుంది. ఇంగ్లీషు శీర్షికకు సరిపోయిన సైజు అదే కొలతలోని తెలుగు శీర్షికకు ఎక్కువవుతుంది.

అచ్చుకు పోతే పరీక్ష ఇంకా కఠినం. తెర మీది నీలిరంగు నియాన్‌ను నాలుగు సిరాల అచ్చు అందుకోలేదు, మెరుపు పోయి నీరసపడుతుంది. న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుని చుక్కలు ఉబ్బడంతో పలచటి అంచు కాస్తా మురికి మరకలా తేలుతుంది. అందుకని పత్రిక పేజీకి వెళ్లే గ్లోను తెర మీదికంటే ఇరుకుగా పెట్టి, చుట్టూ నేపథ్యాన్ని ఇంకొంచెం నల్లబరుస్తారు.