పామర్రు నుంచి గూడెం కొండలకు

వచ్చే సెలవుల్లో మా పామర్రు పిల్లల్ని మన్యానికి తీసుకెళ్లాలని నలుగురు టీచర్లం అనుకున్నాం. గుడివాడ, హనుమాన్ జంక్షన్ దాటి పెద్ద రోడ్డెక్కితే తుని దాకా చింత లేదు. అక్కడి నుంచి నర్సీపట్నం, ఆపైన ఘాట్ రోడ్డు. లంబసింగి మంచు చూడాలన్నది పిల్లల కోరిక. బండి మాట్లాడకముందే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మనం ఎక్కబోయే ఆ కొండదారి కూడా 1922 తిరుగుబాటుకు ఒక కారణం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకుంటే నేరం, కట్టెలు తెచ్చుకుంటే నేరం అయింది. ఆ మీదట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనికి కొండవాళ్లను తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు తిరిగినవారిని వేధించాడు. రోడ్డు అంటే మనకు బస్సు, బడి, ఆసుపత్రి. ఆనాడు వాళ్లకు అది వెట్టి. పైగా పోలీసులు తమ గూడేలకు తొందరగా చేరే దారి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. మనం బండిలో తిరగబోయే చుట్టుదారిని వాళ్లు మూడు రోజుల్లో కాలినడకన చుట్టేశారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ముందు నడిచిన మనవాళ్ల కానిస్టేబుళ్లను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఎవరిని వదలాలో తెలిసిన గురి అది.

అల్లూరి సీతారామరాజు పేరు మా పిల్లలందరికీ తెలుసు. 1924 మే 7న ఆయన్ని చంపారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది, అక్కడ ఆగుతాం. గాం గంటందొర ఎవరని అడిగితే మాత్రం తరగతిలో ఒక్క చెయ్యీ లేవలేదు. తప్పు పిల్లలది కాదు, మేం చెప్పలేదు. గంటందొర ఆ పోరులోనే ప్రాణం ఇచ్చాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు.

మైదానంలో ఉన్న మా ఎరుకల కథ ఇంకో రకం. కొండవాళ్లను రోడ్డు వెయ్యమని కొట్టారు, మమ్మల్ని రోడ్డెక్కవద్దన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు వైపుకూ తెచ్చారు. పేరు నమోదైనవాళ్లు ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పుకోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. ఉప్పు, బుట్టలు మోసుకుని ఊరూరా తిరిగి బతికే కులానికి ఇంతకంటే ఏం శిక్ష కావాలి? ఆ చట్టం 1952లో పోయింది.

వెళ్లేటప్పుడు లంబసింగి మీదుగా చింతపల్లి. తిరుగు ప్రయాణం కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా. ఘాట్‌లో ఒకచోట బండి ఆపి పిల్లల్ని కొంత దూరం నడిపించాలనుకుంటున్నాం. మంచు ఎలాగూ చూస్తారు, ఆ రోడ్డు కింద పరిచిన రాళ్లను కూడా చూడాలి.