ఒక్క మాత్ర కథ

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా అవ్వ ఓ పాత సంగతి చెప్పింది. మా గుడిబండ నుంచి కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా మడకశిర, పెనుకొండ, ధర్మవరం దాటి బత్తలపల్లి ఆసుపత్రికి పోతాంటే, పక్కింటోళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళట. హెచ్చైవీ అన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదట.

బెంగుళూరు తిరిగొచ్చాక ఆ చరిత్ర కాస్త తవ్వాను. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపొచ్చని తేలింది 1994లో. జిడోవుడిన్ వాడితే 25.5 శాతం కాస్తా 8.3 శాతానికి దిగింది. కానీ నెలల తరబడి మందు, కాన్పులో నరానికి ఎక్కించడం... మన పల్లెల్లో అయ్యే పనా? 1999లో ఉగాండా నుంచి ఇంకో కబురొచ్చింది: నొప్పులప్పుడు తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, మూడు రోజుల్లోపు బిడ్డకు ఒక్క మోతాదు సిరప్. 2000ల్లో మన దేశమూ ఇదే బాట పట్టింది.

మన భాషలో అది హాట్‌ఫిక్స్. ప్రొడక్షన్ తగలబడుతుంటే తప్పదు, నేను తప్పుపట్టను. కానీ అందులో రెండు బగ్గులున్నాయి. ఒకటి, ఆ ఒక్క మాత్రతోనే వైరస్ మందుకు లొంగకుండా తయారవ్వొచ్చు. రెండోది అసలైనది: మందు బిడ్డ కోసం, మరి తల్లికో? 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైన రాష్ట్రాల్లో మనదీ ఉంది, కానీ అప్పట్లో సీడీ4 కణాలు బాగా పడిపోతేనే మందులు. ఆ లెక్కతో పనిలేకుండా ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులన్నది 2014లో గానీ రాలేదు.

బత్తలపల్లి గొప్పతనం నాకిక్కడే అర్థమైంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ వారి ఆసుపత్రి అది. కాన్పులు, పిల్లల వైద్యం, అంటువ్యాధుల విభాగం అన్నీ ఒకేచోట. ఈ జబ్బుకు కావలసిందీ అదే. గర్భానికి ముందు భార్యాభర్తలిద్దరికీ పరీక్ష, వైరస్‌ను అణిచాకే బిడ్డ ఆలోచన. కడుపుతో ఉన్నప్పుడు రోజూ మాత్ర. పుట్టాక బిడ్డకు కొన్ని వారాలు మందు, ఆరు వారాలకు మొదటి పరీక్ష, 18 నెలలకు ఆఖరిది. ఏమీ చేయకపోతే 15 నుంచి 45 శాతం ఉండే ప్రమాదం, ఇవన్నీ సరిగ్గా చేస్తే 5 శాతం లోపే. నడుమ ఒక్క లింకు తెగినా మొదటికే మోసం.

మందు దొరికింది, ఉచితం కూడా. వివక్ష తప్పని 2017లో చట్టమూ వచ్చింది. తగ్గిన గొంతులే ఇంకా పూర్తిగా లేవలేదు. నా మటుకు నాకు తోచిన చిన్న పని ఒకటే: మీ ఇంట్లో శుభవార్త వినిపిస్తే, ఆవిడతో పాటు మీరూ రక్తపరీక్ష చేయించుకోండి. ఆమె ఒక్కతే ఆ వరసలో నిలబడటం ఇకనైనా ఆగాలి కదా!