నాడి, ఉదరము, రక్తము

గ్రామపెద్దలారా! రోగికి మందిచ్చుట యొక విద్య. పైకి రోగము కనబడని యువకుని దేహస్థితి నెరుగుట మరియొక విద్య.

మన పల్లెవైద్యులు నాడి చూచెడివారు. తెలుగునాట బసవరాజు రచించిన బసవరాజీయమున నాడీపరీక్ష కలదు. మూడు వ్రేళ్లతో వాత, పిత్త, కఫముల గతిని గ్రహించుట దాని పద్ధతి. జపాను దేశపు కంపో వైద్యులు నాడితోపాటు కడుపును తాకి చూతురు. సర్వరోగములకు ఉదరమే మూలమని యోషిమాసు తోదో (1702-1773) బోధించెను. కడుపు మెత్తనో బిగువో తెలిసికొని, దేహబలమును బట్టి మందు నిర్ణయింతురు. 1883లో అచటి ప్రభుత్వము పాశ్చాత్యవైద్యమున ఉత్తీర్ణులైన వారికే అనుమతి యను నియమము చేసెను. 1976లో పెక్కు కంపో మందులు ఆరోగ్యబీమాలో చేరినవి. కావున నేడచట రక్తపరీక్ష నెరిగిన వైద్యుడే కంపో మందు నిచ్చును.

ఈ పొందిక మనకును అవసరము. ఆదిలాబాదు అడవులలోని గోండు, కొలాము యువజనులలో కొందరికి సికిల్ సెల్ రక్తదోషము తల్లిదండ్రులనుండి సంక్రమించును. ఒకరినుండి మాత్రమే దానిని పొందినవాడు సామాన్యముగా ఆరోగ్యవంతుడై పొలము దున్నును. నాడికి గాని కంటికి గాని అది చిక్కదు. అట్టి యిరువురు వివాహమాడినచో, ప్రతి కాన్పునను బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. 2023 జూలైలో ఆరంభమైన జాతీయ కార్యక్రమము 40 ఏండ్లలోపు వారిని పరీక్షింప సంకల్పించినది.

నాడి చూడక మందిచ్చుట పూర్వులకు సమ్మతము కాదు. అట్లే, ఆ ప్రాంతమున రక్తపరీక్ష చేయింపక పెండ్లి నిశ్చయించుట మనకు తగదు.