గోల్కొండ సమాధియు ఎల్లమ్మ గుడియు
(కుటుంబహత్యలకును దయ్యపుగాథలకును గల సంబంధమును గూర్చిన విచారము)

హత్యావృత్తాంతమును దయ్యపుగాథయు వేర్వేరు జాతుల కథలని సామాన్యముగ తలంతురు. మొదటిదానిలో "ఎవరు చంపిరి?" యనునది ప్రశ్న. రెండవదానిలో "చచ్చినవారేల మరలి వచ్చిరి?" యనునది ప్రశ్న. కాని చంపినవారును చచ్చినవారును ఒక్క యింటివారే యైనపుడు ఈ రెండు ప్రశ్నలును ఒక్కటి యగుచున్నవి. పరులు చంపినచో ఇంటివారు మొఱ పెట్టుదురు. ఇంటివారే చంపినచో మొఱ పెట్టువారెవరు? చచ్చినవారే మరలి రావలెను. ఈ సంగతిని నిరూపించుటకు దూరదేశముల కథలను వెదక నక్కఱ లేదు. మన మియాపూరు పరిసరములనే ఇందుకు రెండు సాక్ష్యములు కలవు: ఒకటి రాజగృహమున జరిగిన పితృహత్య, మరియొకటి ఋషిగృహమున జరిగినట్లు చెప్పబడు మాతృహత్య. మొదటిదానికి చరిత్ర దొరకినది. రెండవదానికి గుడి దొరకినది. ఈ భేదమునకు గల కారణమే యీ వ్యాసమునందలి విచార్యాంశము.

మియాపూరు 2017వ సంవత్సరము నవంబరునుండి హైదరాబాదు మెట్రోరైలు మార్గమున కొక చివర. అచ్చటినుండి దక్షిణముగ పదమూడు కిలోమీటర్ల దాపున గోల్కొండ కోటయు, ఆగ్నేయముగ ఇంచుమించు అంతే దూరమున బల్కంపేట ఎల్లమ్మ గుడియు నున్నవి. నడుమ నున్న మాదాపురము మొదలగు పల్లెలు నేడు గాజుమేడలతో నిండి గుర్తుపట్టరానివైనవి. అయినను ఆషాఢమాసము వచ్చినంతనే ఆ మేడలలో పనిచేయువారి వీథులలో సయితము బోనములు కదలుచున్నవి. కావున మనము చెప్పబోవునవి మృతగాథలు కావు.

మొదట గోల్కొండ సంగతి. కుతుబుషాహీ వంశకర్తయగు సుల్తాను కులీ కుతుబుల్ముల్కు పారసీకమునందలి హమదాను ప్రాంతమునుండి దక్కనునకు వచ్చి, బహమనీ సుల్తానుల కొలువున పెరిగి, తెలంగాణమునకు పాలకుడై, ఆ రాజ్యము శిథిలమగుచుండగా గోల్కొండను తన రాజధానిగ చేసికొనెను. కోటలో బాలాహిసారు ద్వారమునకు చేరువ నున్న జామీమసీదు 1518వ సంవత్సరమున ఆయన కాలముననే వెలసినది. 1543వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీని వృద్ధుడగు ఆ ప్రభువు ఆ మసీదుననే హతుడయ్యెనని ప్రసిద్ధి. కత్తి యెత్తినవాడు కోట కావలియగు మీరు మహమూదు హమదానీ యనియు, ఎత్తించినవాడు రాజకుమారుడగు జంషీదనియు చరిత్రములు చెప్పుచున్నవి. జంషీదు సింహాసన మెక్కెను. అన్నయగు కుతుబుద్దీను కన్నులు పోగొట్టబడెను. తమ్ముడగు ఇబ్రహీము పారిపోయి, బీదరు మీదుగా విజయనగరము చేరి, అళియ రామరాయల యాశ్రయమున ఏడేండ్లు గడపెను.

ఇచట విమర్శకుడు ఒకింత నిలువవలసి యున్నది. జంషీదు 1550వ సంవత్సరమున రోగగ్రస్తుడై చనిపోయెను. ఏడేండ్ల బాలుడగు అతని కుమారుడు సుభాను కొన్ని నెలలు మాత్రము రాజనిపించుకొనెను. ఆ యేడే ఇబ్రహీము తిరిగి వచ్చి రాజ్యమును గైకొనెను. తరువాత గోల్కొండ నేలినవారిలో పెక్కురు ఇబ్రహీము సంతతివారు. కుతుబుషాహీ చరిత్రమును గోల్కొండలో వ్రాసిన లేఖకులు ఆ సంతతివారి యాశ్రితులు. జంషీదు పక్షమున పలుకుటకు ఆస్థానమున ఎవ్వరును మిగులలేదు. కావున మనకు వినబడునది ఒక పక్షమువారి సాక్ష్యమే యని గుర్తుంచుకొనవలెను. అంతమాత్రమున జంషీదు నిర్దోషి యని చెప్పరాదు. అన్న కన్నులు పోవుటయు, తమ్ముడు పారిపోవుటయు, తండ్రి మరణముచే లాభము పొందినవాడు తానే యగుటయు ఆ యపవాదమును బలపఱచుచున్నవి.

వ్రాతకంటె శిలలు మితముగ పలుకును. కోటకు వెలుపలనున్న సమాధులతోటలో సుల్తాను కులీ గోరీపై చెక్కిన శాసనము ఆయనను "షహీదు" అనుచున్నది. ఆ పదమునకు ధర్మమార్గమున ప్రాణము విడిచినవాడని యర్థము. ఆయన హతుడైన తేదియు అందు కలదు. హంతకుని పేరు లేదు. ఆ సమీపముననే జంషీదు సమాధి కలదు. అది ఎనిమిది పలకలుగ, రెండంతస్తులుగ కట్టబడిన సుందర నిర్మాణము. కాని అందు శాసనాక్షర మొక్కటియు కానరాదు. తండ్రి సమాధి హత్యను చెప్పి హంతకుని చెప్పదు. కొడుకు సమాధి యేమియు చెప్పదు. ఒక్క తోటలో ఒక్క యింటివారి రెండు మౌనములు!

ఆ హత్య ఫలము మాత్రము మౌనముగ నుండలేదు. విజయనగరమున ఏడేండ్లు తెనుగు విని పెరిగిన ఇబ్రహీము, రాజైన పిదప, మన కవుల నోట మల్కిభరాముడయ్యెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమొసంగెను. మియాపూరునకు వాయవ్యమున, నేటికిని సమీపముననే యున్న పటాన్‌చెరువునందు అమీనుఖాను, పొన్నెగంటి తెలగనార్యుని యచ్చతెనుగు కావ్యమగు యయాతిచరిత్రను కృతి నొందెను. తండ్రి యౌవనమునకై కొడుకు త్యాగము చేయు కథను, తండ్రి రక్తముతో మొదలైన రాజ్యముననే ఒక యధికారి కృతి గొనుట యాదృచ్ఛికమే కావచ్చును. చదువరులకు మాత్రము మఱువరాని సంగతి.

ఇక దయ్యముల మాట. గోల్కొండను గూర్చి జనులు విశేషముగ చెప్పుకొను గాథలలో నడురాత్రి గజ్జెల చప్పుడు వినబడునందురు; అది తారామతిదని చెప్పుదురు. ఆమె అబ్దుల్లా కుతుబుషా కాలమునాటి నర్తకి యని ప్రతీతి. ఆమె పాటకును ఆటకును సంబంధించిన కథలు పెక్కులు కలవు. కాని మసీదున హతుడైన సుల్తాను తిరుగుచున్నాడని, కొడుకు పేరు చెప్పి మొఱ పెట్టుచున్నాడని ప్రజలు చెప్పుకొను ప్రసిద్ధగాథ లేదు. ఇంతటి ఘోరము జరిగిన చోట దయ్య మేల పుట్టలేదు? నాకు తోచిన సమాధాన మిది: ఆ రాజు మరల రావలసిన యవసరము లేకపోయినది. ఆయన పక్షమున గోరీ పలికినది, చరిత్రకారుడు పలికినాడు, ఇబ్రహీము రాజ్యమే పలికినది. నర్తకి పక్షమున పలికినవారు లేరు. కావున ఆమె గజ్జెలు పలుకుచున్నవి.

ఈ యూహను రెండవ సాక్ష్యముతో పరీక్షింతము. రేణుక కథ మహాభారతమున అరణ్యపర్వమునందు కలదు. స్నానమునకై వెడలిన రేణుక, జలక్రీడలాడు చిత్రరథుని చూచి చలించెను. భర్తయగు జమదగ్ని అది యెఱిగి ఆమెను చంపుడని కొడుకుల కాజ్ఞాపించెను. నలువురు కొడుకులు చేయి యాడక శాపమున జడులైరి. అయిదవవాడగు పరశురాముడు గొడ్డలి యెత్తెను. తండ్రి సంతసించి వరములడుగుమనగా, తల్లి బ్రతుకవలెననియు, తన్ను చంపిన సంగతి ఆమెకు గుర్తుండరాదనియు, తనకు పాపమంటరాదనియు, అన్నలు యథాస్థితిని పొందవలెననియు కోరెను. ఈ వరములలో రెండవది గమనింపదగినది. చచ్చినామె తన హత్యను మఱచిపోవలెను! ఇల్లు నిలుచుటకు పురాణకర్త కనుగొన్న మార్గము మఱపు.

మన పల్లెకథకులు ఆ వరమును ఒప్పుకొనలేదు. బైండ్లవారు జమిడిక వాయించుచు చెప్పు ఎల్లమ్మ కథలోను, మాదిగపల్లెలలో చెప్పుకొను మాతంగి కథలోను కథ మఱొక త్రోవ పట్టును. పాఠభేదములు పెక్కులున్నను వాని సారము ఇది: కొడుకు గొడ్డలితో తఱుముచుండగా రేణుక ఊరివెలుపలి యొక మాదిగ స్త్రీ యింట దాగెను. ఆ స్త్రీ అడ్డుపడగా పరశురాము డిరువురి తలలను నఱికెను. బ్రతికించు తొందరలో ఒకరి తల మఱియొకరి మొండెమున కతికినది. ఒకతె ఎల్లమ్మ, మఱియొకతె మాతంగి యైరి. సంస్కృతకథలో చచ్చినది ఒక్కతె, పల్లెకథలో ఇద్దఱు. ఇంటి హత్యకు బలియైన పొరుగు స్త్రీని, ఆశ్రయమిచ్చిన పాపమునకు ప్రాణము గోల్పోయిన దానిని, పురాణము ఎఱుగదు. దేవతగాథ మఱువలేదు. పైగా ఆ తలల మార్పు నొసటి వ్రాతవంటి గుర్తు; ఎన్ని వరములు పొందినను చెఱుగనిది. ఆలంపురమున దొరకిన శిరోహీన దేవీప్రతిమను స్థానికులు రేణుకమొండెముగనే కొలిచిరి. సంతానము కోరు స్త్రీలు దానికి మ్రొక్కిరి.

అంతతో ఆగక, చంపబడినామెకు నోరు కూడ ఇచ్చిరి. మాతంగిగ ఏర్పడిన స్త్రీ పూనకమున ఊరివారిని, అగ్రవర్ణములవారినిసైతము, తిట్టవచ్చును. వారు తల వంచుకొని వినవలెను. సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి గుడిలో బోనాల మఱునాడు జరుగు రంగమున పచ్చికుండపై నిలిచిన స్త్రీ దేవతయై పలుకును. మీరు నన్ను మఱచితిరని నిష్ఠూరమాడును. పూనకము వచ్చినవేళ మాత్రము స్త్రీమాటను త్రోసిపుచ్చు అధికారము ఎవ్వరికిని లేదు. మామూలు దినములలో ఆ మాటకు సాక్ష్యబలము లేకుండుటచేతనే ఈ మార్గ మేర్పడినదని తోచుచున్నది.

పేరంటాండ్ర గుడులు ఇట్టివే. అత్తింటనో పుట్టింటనో కష్టముల పాలై అకాలమున చచ్చిన స్త్రీ, పిమ్మట ఆ యింటివారికి కలలో కనబడి, బిడ్డలకు జ్వరములు తెచ్చి, ఒకరిపై పూని తన కథ చెప్పును. అంతట వారు గోడ వారగా గూడు కట్టి, చీరయు పసుపుకుంకుమలు గాజులు నొసంగి, శాంతింపజేయుదురు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథలో అత్తింటివారు వేసిన నిందలు ప్రధానభాగము. ఆ యూరివారే ఆమెను ఇలువేలుపుగ కొలుచుచున్నారు. ఈ పద్ధతిని నిదానముగ చూచినచో ఇది ఒక విధమగు విచారణ యని తెలియును. జ్వరము ఫిర్యాదు, పూనకము వాఙ్మూలము, గుడి తీర్పు. దోషి పేరు బయటికి వచ్చును గాని ఇల్లు కూలదు. చచ్చినామెకు పూజ దొరకును. దండన మాత్రము ఎవ్వరికిని ఉండదు. ఇందు ఊఱటయు కలదు, అన్యాయమును కలదు. తన్ను చంపిన వంశమునే ఆమె తరతరములు కాచుచుండవలెను గదా!

ఈ విచారణకు మఱియొక పెద్దదోషము కలదు. దయ్యమును అడ్డుప్రశ్న లడుగుట సాధ్యము కాదు. ఇంటి మరణమునకు ఇంటిలోని కారణము చెప్పుకొనుటకు వెఱచిన పూనకము పొరుగింటివైపు వేలు చూపిన కాలములు కలవు. బాణామతి చేసిరనియు చేతబడి చేసిరనియు నిరపరాధులను తెలంగాణపల్లెలలో పలుమారు చంపిరి. చచ్చినవారి పేర బ్రతికినవారిని చంపుట కీ గాథయే సాధనమైనది. ఎల్లమ్మ కథలోని మాదిగ స్త్రీ మరల చచ్చినట్లే.

కావున దయ్యపుగాథను మూఢవిశ్వాసమని త్రోసివేయుటయు, న్యాయస్థానమని నెత్తి కెక్కించుకొనుటయు రెండును తగవు. పలుకుటకు తావు లేనివారి మరణములను ఏ వ్రాతయు పట్టించుకొనని కాలమున అది వారి మరణలేఖ. వ్రాత పట్టించుకొన్నచోట దాని యవసరము తగ్గుచున్నది. 1986వ సంవత్సరమున భారతశిక్షాస్మృతియందు 304-బి యను విభాగము చేర్చబడెను. పెండ్లియైన ఏడేండ్లలోపల స్త్రీ అస్వాభావికముగ చనిపోయి, అంతకు కొంచెము ముందు కట్నమునకై బాధింపబడినట్లు ఋజువైనచో, ఆ మరణమునకు భర్తయో అతని బంధువులో కారకులని శాసన మెంచుచున్నది. 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో అది 80వ విభాగము. ఇంటి నాలుగు గోడల నడుమ జరిగినదానికి సాక్షులుండరని యెఱిగి, తొలి యనుమానమును శాసనమే తన తలపై వేసికొన్నది. పూర్వము ఆ పని జ్వరములును కలలును చేసెడివి.

గోల్కొండ సమాధులతోటలో రెండు మౌనములను చూచి వచ్చినవారు, బల్కంపేటలో నేలమట్టమునకు దిగువ నున్న ఎల్లమ్మను కూడ చూచి రావలెనని నా మనవి. ఒకచోట చదువదగిన అక్షరములు కలవు. మఱియొకచోట వినదగిన మాట కలదు. మన పల్లెలలో ఊరిచివర పేరు తెలియని పేరంటాలిగుళ్లు ఇంకను ఎన్నియో కలవు. అందలి కథ నెఱిగిన వృద్ధులు తగ్గిపోవుచున్నారు. క్రొత్తమేడల పునాదులకు కొన్ని గుళ్లు ఇప్పటికే అడుగంటినవి. ప్రతి గుడియు ఒక హత్యను దాచుకొన్నదని నేననను. కాని ఆమె యెవరు, ఎట్లు చచ్చినది, ఎవరింట చచ్చినది యను మూడు ప్రశ్నలు వేసి, దొరకిన సమాధానమును వ్రాసి యుంచుట సాహిత్యపరిశోధకుల విధి. రాజుకు దక్కిన ఒక్క పంక్తి ఆమెకు కూడ దక్కవలెను.