కోటలోని చెక్క మేడ



హిందూపురం, మదనపల్లె, కోలారు వైపుల నుంచి బెంగళూరికి వచ్చిపోయే మనవాళ్ళలో కలాసిపాళ్యం బస్టాండు తెలియనివారు అరుదు. ఆసుపత్రి పనో, మార్కెట్టు బేరమో, పిల్లవాడి కాలేజీ సీటో చూసుకుని సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేస్తాం. ఆ బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో, కోట వెంకటరమణస్వామి గుడి పక్కన, రెండంతస్తుల పాత మేడ ఒకటి ఉంది. టిప్పు సుల్తాన్ వేసవి విడిది అది. ఈ రోజు ఆ మేడ కథ చెప్పుకుందాం.

దీని నిర్మాణం హైదర్ అలీ మొదలుపెట్టాడు. కొడుకు టిప్పు 1791లో పూర్తిచేశాడు. రాతి పీఠాల మీద నిలిపిన టేకు స్తంభాలు, వాటిని కలిపే చెక్క కమానులు, పై అంతస్తులో దర్బారు జరిపిన వసారాలు, మూలల్లో గదులు. గోడల మీద అక్కడక్కడా పాత రంగుల పూలతీగలు ఇంకా కనిపిస్తాయి. స్వర్గానికే అసూయ పుట్టించే ఇల్లు అని దీనికి పేరు పెట్టుకున్నారు. అయితే అదే 1791 మార్చి 21న కారన్‌వాలిస్ సేన బెంగళూరు కోటను పట్టుకుంది. ఇల్లు పూర్తయిన ఏడే కోట చెయ్యి జారిందన్నమాట.

కింది అంతస్తులో చిన్న ప్రదర్శనశాల ఉంది. హైదర్, టిప్పుల కాలాన్ని తెలిపే బొమ్మలు, పటాలు, కొన్ని వస్తువులు అందులో ఉంచారు. ఒకసారి మా బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. సింహాసనం బొమ్మ ముందు నిలబడి ఒక పిల్ల, "సార్, ఇది బొమ్మ కదా, అసలుది ఎక్కడుంది?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్నే. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. బంగారు రేకు తాపిన సింహాసనాన్ని ముక్కలు చేసి గెలిచినవారు పంచుకున్నారు. దాని పెద్ద పులితల, హుమా పక్షి ఇంగ్లండులో విండ్సర్ రాజకోటకు చేరాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవు. ఆయన కుటుంబానికి చెందిన వేల్సు దేశపు పోవిస్ కోటలో ఒక చిన్న పులితల, టిప్పు వాడిన పూల అద్దకం డేరా ఉన్నాయి. సిపాయిని కరుస్తూ గాండ్రించే చెక్కపులి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇల్లు ఇక్కడ, ఇంట్లోని సొమ్ము అక్కడ!

అంతా పోయిందని మాత్రం అనుకోవద్దు. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాత బావిని తవ్వితే, ఆ కాలపు ఇనుప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి.

సరే, దీనితో మనకేమి సంబంధం? చాలా ఉంది. హైదర్ పుట్టింది కోలారు సీమలోని బూదికోటలో. కన్నుమూసింది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో. గుత్తి కోటను ఆయన 1776లో మురారిరావు నుంచి గెలుచుకున్నాడు. కోలారు, గుత్తి, గుర్రంకొండ ఒకే ఏలుబడిలో ఉండిన కాలమది. 1799 తరువాత కోలారు మైసూరు ఒడయార్ల రాజ్యంలో నిలిచింది. గుత్తి, గుర్రంకొండ నిజాముకు పోయి, 1800లో కంపెనీ చేతికి వచ్చాయి. దత్తమండలాల్లో అవీ భాగమే. అంటే ఈ మేడ యజమాని ఓటమితోనే మన ఊళ్ళ మధ్య గీత పడింది. ఈనాడు బస్సు దాటే రాష్ట్ర సరిహద్దు చాలావరకు ఆ గీత వెంటే నడుస్తుంది. ఇటు వియ్యంకుడు, అటు వియ్యంకుడు, నడుమ చెక్‌పోస్టు.

టిప్పును మెచ్చుకునేవారున్నారు. కొడగు, మలబారుల్లో ఆయన దండయాత్రల బాధను మరవనివారూ ఉన్నారు. రెండు జ్ఞాపకాలూ చరిత్రలోవే. ఒకటి వినిపించడానికి రెండోదాన్ని మూయనక్కరలేదు. మేడ కూడా ఒక్క యజమానినే ఎరుగదు. టిప్పు తరువాత అది దర్బారు కాదు, కచేరీ అయింది. 1868 దాకా మైసూరు ప్రభుత్వ కార్యాలయాలు అందులోనే నడిచి, ఆపైన అఠారా కచేరికి మారాయి. ఇప్పటి హైకోర్టు భవనం అదే. సుల్తాను నిలబడిన వసారాల్లోనే గుమాస్తాలు కాగితాలు రాశారు.

ఆ పిల్లకు తిరుగు ప్రయాణంలో ఇదంతా చెప్పాను. "అయితే సార్, అక్కడ అసలుది ఆ ఇల్లే కదా!" అంది. పాఠం నేను చెప్పాను గాని, సారం ఆమె చెప్పింది.

ఈసారి బెంగళూరిలో పని ముగిశాక, ఒక బస్సు వదిలేసి అయినా ఆ మేడ చూసి రండి. పిల్లలను వెంట తీసుకుపోండి. మీ ఊరి కోటగోడను, వీరగల్లును కూడా వారికి చూపించండి. అవి ఇంకా ఇక్కడే, మన కళ్ళెదుటే ఉన్నాయి గదా.