రాధాకృష్ణన్, సర్వేపల్లి: యుద్ధకాలపు రాష్ట్రపతి

సర్వేపల్లి రాధాకృష్ణన్ (1888–1975) రాష్ట్రపతిగా ఉన్న అయిదేళ్లలో (1962–67) దేశం చైనాతో ఒకసారి, పాకిస్తాన్‌తో ఒకసారి యుద్ధం చేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా (1931–36) పనిచేసిన ఈ తత్త్వవేత్తకు ప్రజాస్వామ్యమంటే ఓట్ల లెక్క ఒక్కటే కాదు, ప్రతి మనిషిలోని ఆత్మగౌరవాన్ని మన్నించే జీవన విధానం. 1961లో జర్మన్ పుస్తక వర్తకుల శాంతి బహుమతి ఆయనకు దక్కింది.

ఆ భావాలకు అసలు పరీక్ష మరుసటి ఏడాదే ఎదురైంది. చైనా దాడి నేపథ్యంలో 1962 అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి ఆయన సంతకంతోనే అమల్లోకి వచ్చింది. భారత రక్షణ ఆర్డినెన్సు కింద నిర్బంధంలో ఉన్నవారు వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ 21, 22 అధికరణాల రక్షణ కోసం కోర్టుకెక్కే వీలును నవంబరు 3 నాటి ఉత్తర్వు ఆపేసింది. స్వేచ్ఛను బోధించినవారు ఇలా చేయవచ్చా? మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటించాలన్న జవాబు సగం మేరకే నిలుస్తుంది. దండయాత్ర జరుగుతున్నప్పుడు తాత్కాలిక నియంత్రణ న్యాయమే. కానీ నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించినా, ఆయన పదవీకాలం ముగిసినా అత్యవసర పరిస్థితి తొలగలేదు. 1968 జనవరి దాకా సాగింది. దీన్ని సమర్థించడం కష్టం. అలాగని ఆయన్ని చేవలేని సంతకందారు అనడం అన్యాయం: 1967 గణతంత్ర దినోత్సవ ప్రసంగంలో పాలనలోని అసమర్థతను, వనరుల దుర్వినియోగాన్ని దేశమంతా వినేలా తప్పుపట్టారు.